చిన్నపిల్లలున్న ఇంట్లో తపస్కాలం, ఈస్టర్: మీరెలా చేస్తున్నారు?

ముగ్గురి_అమ్మ | 12 ఫిబ్రవరి 2026

అందరికీ నమస్కారం. వచ్చే బుధవారమే విభూది బుధవారం, ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్కాలం మొదలయ్యే రోజు. నాకు ఇప్పటి నుంచే టెన్షన్ మొదలైంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి ఏడేళ్లు, బాబుకి నాలుగు, చంటిదానికి తొమ్మిది నెలలు. పోయిన ఏడాది కడుపుతో ఉండి కూడా తపస్కాలానికి చాలా పెద్ద ప్లాన్ వేసుకున్నాను. గోడ మీద చార్ట్ అంటించాను. టీవీ లేదు, స్వీట్లు లేవు, రోజూ జపమాల మొత్తం, శుక్రవారం సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలచుకునే ప్రార్థన). మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు జపమాల మధ్యలో బాబు నేల మీద దొర్లడం మొదలుపెట్టాడు, వాణ్ణి చూసి పెద్దది నవ్వింది, నేను గట్టిగా అరిచేశాను. ఆ రాత్రి పడుకోబెడుతుంటే పెద్దది నెమ్మదిగా అడిగింది: "అమ్మా, తపస్కాలం ఎప్పుడైపోతుంది? అప్పటిదాకా నీకు కోపం వస్తూనే ఉంటుందా?"

ఆ మాట ఏడాదిగా నా మనసులోంచి పోలేదు. మర్నాడే చార్ట్ తీసేశాను, కానీ దాని బదులు ఏం చేయాలో తెలియక ఈస్టర్ దాకా అలాగే వదిలేశాను. అదీ బాధే. ఈసారి అలా కాకూడదు. ఈ వయసు పిల్లల నుంచి ఎంత ఆశించవచ్చు? నేను పాలిస్తున్నాను, ఉపవాసం ఉండలేను, మరి నా తపస్సు ఏంటి? నాలుగేళ్ల వాడికి సిలువ గురించి ఎలా చెప్పాలి? పాస్కా జాగరణకి, అంటే ఈస్టర్ ముందు రాత్రి పూజకి, చంటిదాన్ని తీసుకెళ్లొచ్చా? ఒకేసారి ఇన్ని అడుగుతున్నందుకు ఏమనుకోకండి.

ఉపదేశి_అక్క | 12 ఫిబ్రవరి 2026

తల్లీ, ముందు నియమం ఏం చెబుతోందో చూద్దాం, సగం భారం అక్కడే తగ్గుతుంది. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం మాంసం మానడం 14 ఏళ్లు నిండినవాళ్లకి. ఉపవాసం 18 నిండినవాళ్లకి, అదీ 59 నిండేదాకా. ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు రెండే: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). ఆ రోజుల్లో ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలా కొద్దిగా, ఆ రెండూ కలిపినా ఒక భోజనం అంత కాకుండా. చేపలు, గుడ్లు, పాలు మాంసం కిందికి రావు. పాలిచ్చే తల్లులు, గర్భిణులు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉపవాసం ఉండనక్కర్లేదు. నువ్వు కడుపునిండా తిను. అది దొంగతనం కాదు, నీ బిడ్డకి అన్నం పెట్టడమే.

అంటే మీ ముగ్గురు పిల్లల మీదా చట్టం ఏ బరువూ పెట్టలేదు. పెట్టింది నీ మీద, మీ ఆయన మీద: పిల్లలకి తపస్సు అంటే ఏంటో నిజమైన అర్థంలో నేర్పమని. 1252వ నియమం చివర ఆ మాట స్పష్టంగా ఉంది. ఏడేళ్ల పిల్లకి పెద్దవాళ్ల తపస్సును సైజు తగ్గించి తొడగడం కాదు ఆ నేర్పడమంటే.

సాయంత్రపు_గంట | 13 ఫిబ్రవరి 2026

అక్కా, నియమం మీరు చెప్పినట్టే ఉంది. కానీ చట్టం లేదు కదా అని పిల్లల్ని పూర్తిగా వదిలేస్తే, 14 నిండిన రోజున ఒక్కసారిగా ఎలా మొదలుపెడతారు? మా వాళ్లకి పదేళ్లు, ఎనిమిదేళ్లు. శుక్రవారాలు మా ఇంట్లో మాంసం వండం, అందరికీ ఒకటే వంట. పిల్లలకి వేరేగా పెట్టం. పెద్దవాడు ఈ ఏడాది తనంతట తానే సాయంత్రం చిరుతిండి మానేస్తానన్నాడు. వద్దనలేదు. కష్టం కొద్దిగా రుచి చూడకుండా పెరిగితే, మనసులో ఏదైనా కోరిక లేచినప్పుడు కాదనడం ఎప్పటికి వస్తుంది? నాకు ఇది ముఖ్యం. ముగ్గురి_అమ్మ గారిని తప్పుపట్టడం లేదు, చార్ట్ పూర్తిగా తీసేయడం కూడా సమాధానం కాదని మాత్రం చెబుతున్నాను.

జపమాల_నానమ్మ | 13 ఫిబ్రవరి 2026

బాబూ, నీ మాటలో నిజం ఉంది. "తనంతట తానే అన్నాడు" అన్నావు చూడు, అదే అసలు సంగతి. అది వాడి నోటి నుంచి వచ్చింది.

నాకు 66. ఉపవాస నియమం నాకు దాటిపోయింది, మాంసం మానడం మాత్రం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నా చిన్నప్పుడు తపస్కాలం అంటే ఏం గుర్తుందో చెబుతాను. నియమాలేవీ గుర్తులేవు. మా అమ్మ చీకటితో లేచి, దీపం పెట్టుకుని, మాకు వినపడకూడదని పెదాలు మాత్రమే కదుపుతూ జపం చెప్పుకునేది. నేను లేచి చూసేదాన్ని. ఆమె చూసేది కాదు. నన్ను రమ్మని ఎప్పుడూ పిలవలేదు. ఒకరోజు నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను, ఆమె కొంగు తీసి నా మీద కప్పింది, అంతే. ఆ కొంగు వాసన నాకిప్పటికీ తెలుసు.

అమ్మాయ్, నీ తపస్సు ఏంటని అడిగావు కదా. మీ పెద్దది పోయిన ఏడాదే చెప్పింది నీకు. అరవకుండా ఉండు. నలభై రోజులు అది చేసి చూడు, ఉపవాసం తేలికనిపిస్తుంది.

వెనక_బెంచీ_నాన్న | 14 ఫిబ్రవరి 2026

మాకు కవలలు, ఐదేళ్లు. మా ఇంట్లో బాగా నిలిచినది ఒకటి చెబుతాను. తపస్కాలంలో పూజలో అల్లెలూయ పాడరు కదా, ఈస్టర్ జాగరణ దాకా ఆ మాటే వినపడదు. అందుకని విభూది బుధవారానికి ముందు రోజు రాత్రి పిల్లలు పెద్ద కాగితం మీద "అల్లెలూయ" అని రాసి రంగులు వేస్తారు. దాన్ని చుట్టి, రిబ్బన్ కట్టి, పాత చెప్పుల డబ్బాలో పెట్టి, బీరువా పై అరలో దాచేస్తాం. మూత వేసే ముందు గొంతు పోయేదాకా అల్లెలూయ పాడుకుంటాం. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు.

మధ్యలో పాప ఒకసారి కుర్చీ ఎక్కి డబ్బా తాకి వచ్చింది. తెరవలేదు. "ఉందో లేదో చూశాను నాన్నా" అంది. ఎదురుచూడటం అంటే ఏంటో నేను అంతకంటే బాగా నేర్పలేను. ఏదో మానేయడం గురించి చెబితే వాళ్లకి ఎక్కలేదు. దాచిపెట్టింది తిరిగి వస్తుందంటే మాత్రం వెంటనే ఎక్కింది.

కొత్త_మెట్టు | 16 ఫిబ్రవరి 2026

నేను రెండేళ్ల క్రితం పాస్కా జాగరణలో జ్ఞానస్నానం తీసుకున్నాను. మా అబ్బాయికి ఆరేళ్లు. క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కపెట్టాడు, ఫిబ్రవరి 18 నుంచి ఏప్రిల్ 4 దాకా 46 రోజులు వచ్చాయి. "నలభై అన్నావుగా అమ్మా" అని పట్టుకున్నాడు. ఏం చెప్పాలి?

ఉపదేశి_అక్క | 16 ఫిబ్రవరి 2026

మీ వాడు సరిగ్గానే లెక్కపెట్టాడు. అందులో ఆరు ఆదివారాలున్నాయి. ప్రతి ఆదివారం క్రీస్తు లేచిన రోజే కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండదు. 46లోంచి ఆరు తీసేస్తే నలభై. ఆదివారాలకి ఒక రంగు, మిగతా రోజులకి ఒక రంగు వేయమనండి. దారిలో ఆరు చిన్న ఈస్టర్లు ఉన్నాయని వాడికే కనిపిస్తుంది.

ఈస్టర్ ఏటా ఎందుకు మారుతుందని కూడా అడుగుతాడు, సిద్ధంగా ఉండండి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి తరవాతి ఆదివారం ఈస్టర్. అందుకే మార్చి 22, ఏప్రిల్ 25 మధ్యలో ఎప్పుడైనా రావచ్చు. చందమామ అంటే పిల్లలు ఎటూ వింటారు.

ముగ్గురి_అమ్మ | 18 ఫిబ్రవరి 2026

ఇప్పుడే పూజ నుంచి వచ్చాం. చార్ట్ పెట్టలేదు. నిన్న రాత్రి డబ్బా పెట్టాం, బాబు దాని మీద తన చెయ్యి పెట్టి గీత గీశాడు.

గుడిలో ఫాదర్ గారు మా నుదుట విభూది రాస్తుంటే బాబు నా చంక ఎక్కి ఉన్నాడు. వాడికీ రాశారు. పోయిన ఏడాది మట్టల ఆదివారం దీవించిన మట్టలు కాల్చిన బూడిద అది అని దారిలో చెప్పాను. ఇంటికి రాగానే అద్దం ముందు నిలబడ్డాడు. ముందు తన నుదురు తడిమాడు, తర్వాత నా నుదురు, తర్వాత చంటిదాని నుదుటి మీది చిన్న మచ్చ. వేలికి అంటిన నలుపు చూసుకుని, "అందరికీ ఒకటే" అన్నాడు. "మట్టివి నీవు, మట్టిలో కలిసిపోతావు" అన్న మాట చంటిదాని మీద విన్నప్పుడు నా గుండె పట్టేసింది. వాడి మాటతో కాస్త వదిలింది.

పెద్దది ఏం చేస్తావని అడిగితే రెండు రోజులు టైమ్ కావాలంది. ఇచ్చాను.

సాయంత్రపు_గంట | 20 ఫిబ్రవరి 2026

మీరు ఎదురుచూస్తున్నారు, అది చాలా మంచి పని. ఒక్క మాట. విభూది బుధవారం పూజలో చదివిన సువిశేషం మత్తయి 6వ అధ్యాయం, దానం, ప్రార్థన, ఉపవాసం మూడూ ఉన్నాయి. మనం పిల్లల దగ్గర ఉపవాసం గురించే ఎక్కువ మాట్లాడతాం. నిజానికి వాళ్లకి ఇవ్వడమే త్వరగా వస్తుంది. మా రెండోవాడు మానేసిన చిరుతిండి డబ్బులు సీసాలో వేస్తున్నాడు. రాత్రి పడుకునే ముందు ఒకసారి గలగలమనిపిస్తాడు. అవి ఎవరికివ్వాలో వాడే నిర్ణయించాలని చెప్పాను.

ముగ్గురి_అమ్మ | 1 మార్చి 2026

పెద్దది నిర్ణయించుకుంది. "తమ్ముడు నా బొమ్మలు ముట్టుకుంటే వెంటనే లాక్కోను, పది లెక్కపెడతాను." నేను చెప్పి ఉంటే ఇది ఎప్పటికీ తట్టేది కాదు నాకు. మొన్న ఎనిమిది దాకా వచ్చి లాక్కుంది. ఏడ్చింది. అప్పుడు నేనూ నా సంగతి చెప్పాను, నేనూ అరవకూడదని అనుకున్నానని, బుధవారం పొద్దున ఓడిపోయానని. ఇద్దరం శనివారం పాపసంకీర్తనానికి (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లాం, పెద్దదానికి మొదటి పాపసంకీర్తనం ఇంకా కాలేదు, బయట బెంచీ మీద కూర్చుని నా కోసం ఎదురుచూసింది.

ఇప్పుడు నా పెద్ద భయం సిలువ గురించే. బాబు ప్రతి సిలువ ముందూ ఆగి "ఎందుకు మేకులు?" అంటున్నాడు.

వెనక_బెంచీ_నాన్న | 2 మార్చి 2026

ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది మాకు జరిగింది. రెండేళ్ల కింద ఒక పెద్దావిడ, మా పిల్లల మీద ప్రేమతోనే, "నువ్వు అల్లరి చేసిన ప్రతిసారీ యేసయ్య చేతిలోకి మేకు ఇంకొంచెం దిగుతుంది" అన్నారు. బాబు పది రోజులు సరిగ్గా నిద్రపోలేదు. గ్లాసు కింద పడినా చేతులు వెనక్కి దాచుకునేవాడు. వాడు ఆ మాట బయటపెట్టడానికి వారం పట్టింది. దయచేసి ఎవరూ ఏ పిల్లలతోనూ అలా అనకండి. పాపం గురించి చెప్పాల్సిందే, కానీ ఒక మూడేళ్ల వాడి చేతిలో సుత్తి పెట్టి కాదు.

ఉపదేశి_అక్క | 2 మార్చి 2026

చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఇన్నేళ్లు పిల్లలకి ఉపదేశం చెప్పిన అనుభవంతో నేను పాటించేది ఇది. ఐదేళ్ల లోపు పిల్లలకి చావు కథ చెప్పి అక్కడ ఆపను. అదే కూర్చోవడంలో రాయి దొర్లిపోయి సమాధి ఖాళీగా ఉండటం దాకా వెళతాను. "ఎందుకు మేకులు" అంటే: "కొందరు ఆయన్ని చాలా బాధపెట్టారు. ఆయన పారిపోలేదు. తిరిగి కొట్టలేదు. మనమంటే అంత ఇష్టం. మూడో రోజు లేచారు." వాడు అడిగినంతే చెప్పు, ఇంకా అడిగితే ఇంకొంచెం.

సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ ఒక్కసారే చేయొద్దు. చిన్నవాళ్లకి మనుషులు ఎదురయ్యే స్థలాలు పట్టుకోండి. నాలుగో దాంట్లో అమ్మ ఎదురవుతుంది. ఐదో దాంట్లో సీమోను సిలువ మోస్తాడు. ఆరో దాంట్లో వెరోనికమ్మ ముఖం తుడుస్తుంది. బాధ చూసి ఏం చేయాలో ఆ ముగ్గురూ చూపిస్తారు.

కొత్త_మెట్టు | 9 మార్చి 2026

అక్కా, మీరు చెప్పినట్టు పద్నాలుగు కాగితాల మీద బొమ్మలు గీసి హాలు గోడల చుట్టూ అంటించాం. రోజుకి రెండే. రెండు కర్రలు తాడుతో కట్టి సిలువ చేశాడు మా వాడు. ఏడో స్థలం, యేసు రెండోసారి పడటం దగ్గర సిలువ కింద పెట్టి ఆగిపోయాడు. "అమ్మా, ఇప్పుడు నువ్వు పట్టుకో, ఆయనకి చేతులు నొప్పి" అన్నాడు. మా ఆయన ఇంకా శ్రీసభలో లేరు, సోఫాలో పేపర్ చదువుకుంటున్నారు. ఆయనే లేచి వచ్చి ఒక చివర పట్టుకున్నారు. ముగ్గురం ఎనిమిదో స్థలం దాకా అలాగే వెళ్లాం. నేను ఇంకేం రాయలేకపోతున్నాను.

జపమాల_నానమ్మ | 9 మార్చి 2026

చాలమ్మా. ఇంత చాలు.

ముగ్గురి_అమ్మ | 16 మార్చి 2026

నిన్న నాలుగో ఆదివారం కదా, గురువుగారి గులాబీ రంగు వస్త్రాలు చూసి పెద్దది ఆనందపడిపోయింది, సగం దాటేశామని చెప్పాను. కానీ పూజలో బాబు "అయ్యా, అయ్యా" అని గట్టిగా పిలుస్తుంటే ముందు వరసలోంచి ఒకాయన తిరిగి, పిల్లల్ని అదుపు చేయలేనివాళ్లు ఇంట్లో ఉండొచ్చు కదా అన్నారు. మిగతా పూజంతా మెట్ల మీద నిలబడి విన్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. పవిత్ర వారం (ఈస్టర్ ముందు వారం) పూజలకి అసలు వెళ్లాలా అనిపిస్తోంది.

సాయంత్రపు_గంట | 16 మార్చి 2026

వెళ్లాలమ్మా, తప్పకుండా వెళ్లాలి. క్రమశిక్షణ గురించి ఇక్కడ ఎక్కువగా మాట్లాడింది నేనే కాబట్టి నేనే చెబుతున్నాను. చిన్నబిడ్డలను నా వద్దకు రానివ్వండి అని ఆయన అన్నది, వాళ్లని ఆపబోయిన సొంత శిష్యులతోనే. జ్ఞానస్నానం పొందిన బిడ్డ ఆ గుడికి అతిథి కాదు. మరీ ఏడిస్తే కాసేపు బయటికి తీసుకెళ్లి మళ్లీ లోపలికి రండి. మెట్ల మీద ఉండిపోకండి.

ఉపదేశి_అక్క | 17 మార్చి 2026

ముందు వరసలో కూర్చోండి. వెనక నుంచి పిల్లలకి పెద్దవాళ్ల వీపులే కనిపిస్తాయి, అందుకే విసుగు. పవిత్ర వారం చిన్నపిల్లల కోసమే చేశారా అనిపిస్తుంది నాకు. మాటలు తక్కువ, చూసేది ఎక్కువ. మట్టలు పట్టుకుని నడవడం, గురువారం పాదాలు కడగడం, మహిమ గీతానికి గంటలు మోగి ఆ తర్వాత జాగరణ దాకా ఆగిపోవడం, పూజ అయ్యాక పీఠం మీది వస్త్రాలు తీసేయడం. శుక్రవారం అసలు పూజే ఉండదు, ఏడాదంతటిలో అలాంటి రోజులు, రాత్రి జాగరణ దాకా, ఈ శుక్ర, శనివారాలే. ఖాళీ పీఠం, తెరిచి ఉన్న మందసం (దివ్య అప్పం ఉంచే పెట్టె) తలుపు చూపించు. "ఏం కనిపించడం లేదు?" అని అడుగు, అంతే.

అన్నీ తీసుకెళ్లలేకపోతే ఒక్కటి ఎంచుకో. నన్నడిగితే జాగరణ. చీకటి పడ్డాకే మొదలవ్వాలి కాబట్టి మధ్యాహ్నం పడుకోబెట్టు. పాత నిబంధన పఠనాలు ఏడు దాకా ఉంటాయి, కొన్నిచోట్ల తగ్గిస్తారు, ఎర్ర సముద్రం దాటే పఠనం మాత్రం ఎప్పుడూ వదలరు. మధ్యలో నిద్రపోతే పోనీ.

ముగ్గురి_అమ్మ | 4 ఏప్రిల్ 2026, పవిత్ర శనివారం

నిన్న శుక్రవారం వెళ్లాం, ముందు వరసలో. సిలువ ఆరాధనకి అందరూ వరసలో వెళ్లి ముద్దుపెట్టుకుంటున్నారు. బాబు వంతు వచ్చింది. ముద్దు పెట్టలేదు. కాలి దగ్గర మేకు ఉన్నచోట మెల్లగా ఊదాడు, వాడికి మోకాలు గీరుకుంటే నేను ఊదుతానే, అలా. వెనక వరస ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఈ రాత్రికి వెళ్తున్నాం. పిల్లలు పడుకున్నారు. బ్యాగులో డైపర్లు, స్వెటర్లు, నీళ్లు, మూడు కొవ్వొత్తులు.

ముగ్గురి_అమ్మ | 6 ఏప్రిల్ 2026

క్రీస్తు లేచెను, అల్లెలూయ! డబ్బా తెరిచేశాం!

బయట చీకట్లో మంట వేశారు. ఫాదర్ గారు పాస్కా కొవ్వొత్తి మీద అంకెలు గీస్తుంటే పెద్దది నా చెవిలో "రెండు, సున్నా, రెండు, ఆరు... అమ్మా, ఇది మన ఏడాదే!" అంది. ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చితే అవి ఐదు గాయాలని తనే చెప్పింది, ఉపదేశంలో విందట. తర్వాత గుడిలో లైట్లు లేవు. ఒక్క కొవ్వొత్తి లోపలికి వెళ్లింది, దాని నుంచి పక్కవాళ్లకి, పక్కవాళ్ల నుంచి మాకు. మా కొవ్వొత్తి వెలిగించింది ఎవరో తెలుసా? ఆ రోజు నన్ను మాట అన్న పెద్దాయనే. ఆయన వంగి ముందు పెద్దదాని కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డంపెట్టి, తర్వాత నాది వెలిగించారు. ఏం మాట్లాడుకోలేదు.

రెండో పఠనానికే బాబు నిద్రపోయాడు. మహిమ గీతానికి గంటలన్నీ ఒక్కసారి మోగి లైట్లు వెలిగేసరికి ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూసి నన్నడిగాడు, "లేచాడా?" లేచాడు నాన్నా అన్నాను. చంటిది అంతసేపూ నా దగ్గరే పాలు తాగుతూ పడుకుంది.

జపమాల_నానమ్మ | 6 ఏప్రిల్ 2026

క్రీస్తు నిజముగా లేచెను, అల్లెలూయ! ఇప్పుడు అసలు సంగతి, అందరూ మర్చిపోయేది. తపస్సు నలభై రోజులైతే పాస్కా పండుగ యాభై. ఆ యాభై రోజులు ముగిసే పెంతెకోస్తు పండుగ మే 24న. మనం నలభై రోజులు పట్టుగా చేసి, ఈస్టర్ సాయంత్రానికే పండుగ సర్దేస్తాం. అలా చేయకండి. రోజూ భోజనం ముందు ఒక్క అల్లెలూయ పాడించండి. త్రికాల జపం బదులు పరలోకపు రాణీ సంతోషించుము అనే జపం చెప్పించండి.

వెనక_బెంచీ_నాన్న | 7 ఏప్రిల్ 2026

నానమ్మ గారి మాట పట్టుకుని ఈ వారం రాత్రికొక కథ పెట్టాం. నిన్న లేచిన యేసుని చూసి మగ్దలా మరియమ్మ తోటమాలి అనుకోవడం, ఇవాళ ఎమ్మావు ఊరి దారిలో ఇద్దరు శిష్యులకి యేసు తోడవడం. రేపు తిబెరియ సముద్రం ఒడ్డున 153 చేపలు, పిల్లలు గింజలతో లెక్కపెడతామంటున్నారు. తోమా కథ వచ్చే ఆదివారం పూజలో ఎలాగూ వస్తుంది.

కొత్త_మెట్టు | 8 ఏప్రిల్ 2026

మేం కర్రల సిలువకి పూలు చుట్టాం. మా ఆయన జాగరణకి వచ్చారు. వెనక నిలబడ్డారు, చివరిదాకా ఉన్నారు. ప్రార్థించండి.

ముగ్గురి_అమ్మ | 10 ఏప్రిల్ 2026

ఇవాళ ఈస్టర్ అష్టదినాల్లో శుక్రవారం. ఈ ఎనిమిది రోజులూ మహోత్సవాలే కాబట్టి మాంసం మానే నియమం ఈ శుక్రవారానికి వర్తించదని ఉపదేశి అక్క మెసేజ్ పెట్టారు. ఏడు శుక్రవారాలు అలవాటైన పెద్దది పళ్లెం ముందు కూర్చుని ఇటు నన్ను, అటు కూరను చూసింది. "ఇవాళ శుక్రవారం కదమ్మా?" ఈ శుక్రవారం కూడా ఈస్టరే అన్నాను. కాసేపు ఆలోచించింది. "అయితే తమ్ముడికి నా బొమ్మ ఇచ్చేయనా? లెక్కపెట్టకుండానే?"

వాడు దాన్ని పట్టుకునే నిద్రపోయాడు.